దుర్భిణి దించే జాగా

దుర్భిణి అద్దాన్ని ఆండాళే అరగదీసింది. బీయెస్సీ చదివినందుకు రామన్నపేటలో ఆమెకు దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం అది. జీతం లేదు, సెలవులు అసలే లేవు. వంట ముగిశాక గాజుబిళ్ల మీద గాజుబిళ్ల పెట్టి, మధ్యలో గరుకుపొడి చల్లి, చుట్టూ తిరుగుతూ రెండేళ్లు రుద్దింది. గొట్టం సంగతి మాత్రం భర్త వెంకటనర్సు చూసుకున్నాడు. గట్టిగా ఉండాలని యాకూబు వెల్డింగు దుకాణంలో మందపాటి ఇనుపరేకుతో చేయించాడు. గట్టిగానే వచ్చింది. నలుగురు లేనిదే లేవదు.

తొంభై ఏడు వేసవి అది. తోకచుక్క పొద్దుగూకగానే వాయవ్యాన కనబడి కాసేపట్లో దిగిపోతోంది, రోజురోజుకూ ఇంకా కిందికి జారుతోంది. వాళ్ల పెంకుటింటికి ఆ దిక్కంతా ఎదురింటి గోడే. మబ్బు విడిచిన ఈ సాయంత్రం తప్పితే తన అద్దంలో దాన్ని చూసే యోగం ఆండాళుకు లేనట్టే. వీధి చివర వహీదు కొత్త స్లాబు ఇల్లు ఉంది, దాని మీదికెక్కితే ఆకాశానికి ఏ గోడా అడ్డం రాదు. ఇనుప స్టాండును మధ్యాహ్నమే రిక్షాలో అక్కడికి పంపారు. గొట్టాన్ని మాత్రం ఆమె రిక్షా ఎక్కనివ్వలేదు. కుదుపుకు అద్దం కదిలిందంటే అంతే.

అందుకని దుమ్ము పడకుండా గొట్టానికి తెల్ల ధోవతి చుట్టి, రెండు వెదురుబొంగుల మీద కట్టి భుజానికెత్తారు. ముందు వెంకటనర్సు, యాకూబు. వెనక పక్కింటి ధర్మయ్య, ఆయన తమ్ముడు. తెల్లగుడ్డ, వెదురు, నలుగురు మగవాళ్లు. ఆ మూడూ కలిస్తే ఏమవుతుందో వీధిలోకి వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

నేతవాళ్ల వీధి అది. ఇళ్లల్లో మగ్గాలు ఆగిపోయాయి.

"అయ్యో, ఎవలు పోయిండ్రే?" అంది అరుగు మీది బిక్షమ్మ.

"ఎవలూ పోలే. దుర్భిణి," అన్నాడు వెంకటనర్సు రొప్పుతూ.

"పాపం, ఏ ఊరామె?"

భుజాలు కోసుకుపోతున్నాయి, జర దించుదామన్నాడు ధర్మయ్య. గుర్వమ్మ గడప ముందు వంగారో లేదో ఆవిడ చీపురుతో ఉరికొచ్చింది.

"నా ఇంటి ముంగట దించుతరా? నేను బతికుండంగనే?"

"అత్తా, ఇది పాడె కాదు. లోపట అద్దమున్నది," అంది ఆండాళు.

"ఏమన్న ఉండనీ. పాడె లెక్కనే ఉన్నది గదా! అవుతల దించుండ్రి."

అవతలివాళ్లు ఇంకా అవతలికన్నారు. అలాంటి బరువు ఏ గడప ముందు దించినా ఆ ఇంటికి కీడని వీధంతా ఒక్కమాట మీదుంది. పంచాయతీ నల్లా విషయంలో ఏనాడూ రాని ఐకమత్యం.

"అక్కా, కబ్రస్తాన్‌కన్న పోదాం," మూలిగాడు యాకూబు. "ఆడ ఎవలూ వద్దనరు."

ఆండాళుకు తిక్క రేగింది. తమ ఇంటికి పరుగెత్తి తన పెళ్లినాటి ఎర్ర పట్టుచీర తెచ్చింది. గొట్టం భుజాల మీదుండగానే ధోవతి లాగేసి, చీర చుట్టి, జరీ కొంగు ముందుకు వేలాడేసింది.

అంతే, పాడె పల్లకి అయింది. లోపలున్నది ఏ దేవుడని ఒక్కరూ అడగలేదు. కానీ ఇప్పుడు కదలనిస్తే కదా! ఒకామె బిందెడు నీళ్లు సాక పోసింది. ఇంకొకామె కర్పూరం ముట్టించింది. ప్రతి గడప ముందూ దించాల్సిందే, కొబ్బరికాయ కొట్టాల్సిందే.

"వాళ్లింటి ముంగట దించి మా ఇంటి ముంగట దించరా? మేమేం పాపం జేసినం?"

పడమట ఎరుపు పోయింది. వీధి ఇంకా సగం ఉంది. కొబ్బరినీళ్లు గొట్టంలోకి పోకుండా చెయ్యి అడ్డం పెడుతూ ఆండాళు పళ్లు కొరుక్కుంది. అంతలో వెనకనుంచి గుర్వమ్మ కేక.

"ముందుగాల నా గడపకే వచ్చిండ్రు గదా! మల్ల తీస్కరాండ్రి!"

తిట్టబోయి ఆండాళు ఆగింది. గుర్వమ్మ ఇంటి పక్కన గోడ కూలిన ఖాళీ జాగా. దాని మీదుగా, వేపచెట్టుకు జానెడెత్తున, తోకచుక్క.

"వెనకకు తిప్పుండ్రి," అంది.

"స్టాండు వహీదింట్ల ఉన్నది గదనే?" అన్నాడు వెంకటనర్సు.

"మీరు నలుగురున్నరు గద."

చీర ఊడదీసింది. ముందున్న ఇద్దరి భుజాల మీద, వెనకున్న ఇద్దరి తొడల మీద గొట్టం నిలిచింది. "ఎడమకు... జర కిందికి... గంత వద్దు, మీదికి" అని నలుగురినీ సతాయించి, గొట్టం పక్కన బిగించిన కంటద్దానికి కన్ను ఆనించింది. లోపల వెలుగు కప్పలా ఎగురుతోంది.

"కదలకుండ్రి!"

"కదుల్తలేం. ఊపిరి పీలుస్తున్నం," అన్నాడు ధర్మయ్య.

"అది బంద్ పెట్టుండ్రి."

బంద్ పెట్టారు. వెలుగు నిలబడింది. మెరిసే తల, దాని వెనక ఆరబెట్టిన పడుగులా పలచగా, పొడుగ్గా తోక. నిజంగానే పట్టుకొచ్చింది, తను రుద్దిన గాజుబిళ్ల! ఇంకాస్త చూద్దామనుకునేలోపు యాకూబు ఊపిరి వదిలాడు. తోకచుక్క గెంతి వేపచెట్టులో పడింది.

"నాకు జూపియ్యవా?" గుర్వమ్మ కొంగు నడుముకు చెక్కుకుని ముందుకొచ్చింది.

నలుగురూ ఒక్క గొంతుతో "వద్దత్తా!" అన్నారు.

ఆండాళు పక్కకు జరిగి చోటిచ్చింది.

"జర గట్టిగ పీల్చుకోండ్రి," అంది వాళ్లతో. "అత్తది నిదానం చూపు."