పెంటవ్వ చెయ్యి

పెంటవ్వ పొగాకు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని కాసేపు ఆగింది. లోపల జ్వరమొచ్చిన బిడ్డ పొట్టలా కాలుతోంది. ఇంకో పూట ఆగితే ఆకు మాడి నల్లబడుతుంది. ఇవాళే తిప్పాలి.

పదిహేడో ఏట మొగుడు పోయి నారాయణరావుపేటకు, తల్లిగారింటికి తిరిగొచ్చిన నాటి నుంచి ఈ పొగాకు కొట్టమే ఆమె లోకం. పెరటి ఆకును దూలాలకు వేలాడదీసి నీడన ఆరబెట్టాలి. కట్టలు కట్టి, కాడలు బయటికి వచ్చేలా పేర్చి, బెల్లం నీళ్లు చల్లి, గోనెలు కప్పి మాగబెట్టాలి. మాగే ఆకును విడిచి ఎక్కడికీ పోవడానికుండదు. తను చంకనేసుకుని పెంచిన చెల్లెలు, దుబ్బాకకు ఇచ్చిన లింగవ్వ, వాళ్లింట్లో ఆడబిడ్డ పెళ్లికి పిలిస్తే, అక్కడా అన్నం తినకుండానే వెనక్కి బస్సెక్కింది.

ఆ లింగవ్వకే కామెర్లు ముదిరాయనీ, అక్కను చూడాలంటోందనీ మూడు రోజుల కింద కబురొచ్చింది. బస్సులు లేవు. వేరే తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలు సిద్దిపేట రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చారు.

"నడుసుకుంటనే పోత రాములూ," అంది తమ్ముడు బుచ్చిరాములుతో.

అతను నోట్లో చుట్ట తియ్యలేదు. "కుప్ప తిప్పినంక పో అక్కా. నీ చెయ్యికి దెల్సినట్టు ఇంకెవలకు దెలుస్తది?"

ముప్పై ఏళ్లుగా అదే మాట. మెప్పులాగే ఉంటుంది, తలుపుకు గడియ వేసినట్టూ ఉంటుంది.

పెంటవ్వ తలగుడ్డ చుట్టుకుని కుప్ప విప్పింది. పైకట్టలు కిందికి, లోపలివి అంచుకు. ఘాటుకు కళ్లు మండాయి. మధ్యాహ్నానికి సగం పేర్చేసరికి వాకిట్లో సైకిల్ ఆగింది. సిద్దిపేటలో చుట్టల దుకాణం నడిపే నిస్సార్. ఆకు బేరానికి దుబ్బాక పోయినవాడు, పొలంబాటల వెంట తొక్కుకుంటూ వచ్చాడు. మంచినీళ్లు కూడా అడగలేదు.

"అక్కా, లింగవ్వ తెల్లారంగ పోయింది. ఎండలాయె, శవాన్ని ఆపలేదు. కాష్టం కాలుతుంటెనే నేను బయలెల్లిన."

"నన్ను అడిగిందా?"

"రాత్రి దాక అడిగిందట."

చేతిలో ఉన్న కట్టను పెంటవ్వ జాగా చూసి పేర్చింది. ఇంకో కట్ట కోసం వంగింది. తీసింది. మళ్లీ నేల మీదే పెట్టేసింది.

ఆమె బావి దగ్గర చేతులు కడుక్కుంటుంటే బుచ్చిరాములు వచ్చాడు.

"ఇగ పోయి ఏం జేస్తవక్కా? అంత అయిపాయె. సగం ఆకు బయటనే ఉన్నది."

"దానికి ఇద్దరాడివిల్లలున్నరు."

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"రాను రాములూ."

కోపంగా అనలేదు. నిస్సార్ వచ్చిన బాటనే, ఎండలో, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

బుచ్చిరాములు కొట్టంలోకి వచ్చి కుప్పలో చెయ్యి పెట్టాడు. వేడిగానే ఉంది. అది చాలో, ఎక్కువో అతనికి తెలియలేదు. గడప పక్కన రాతి మీద పెంటవ్వ తీసి పెట్టిన తలగుడ్డ ఉంది. ఏళ్ల తరబడి ఆకు రసానికి బిరుసెక్కి, కూలిపోకుండా, ఆమె తల ఎంతుందో అంత గుండ్రంగా నిలబడి ఉంది.