ఒక మిల్లీమీటరు లోతు

సిద్దిపేటలో తెలివితక్కువ వాళ్లకు కొదువ లేదు గానీ, బట్టల దుకాణం రామేశ్వర్ సేటు వాళ్లందరికీ పెద్ద. 1992లో హైదరాబాద్ పోయి పాత రేసు కారొకటి కొనుక్కొచ్చాడు. తనకు నడపడం రాదు. అందుకని కొండపాకలో ట్రాక్టర్లు తోలే యోబును పిలిపించాడు. "ఆదివారం కార్ల పోటీల గెలిపిస్తే నా తాన నీకు పర్మినెంటు నౌకరి" అన్నాడు. పాపం యోబు ఆ వారమంతా కూలి మానుకుని నా మెకానిక్ షెడ్డు చుట్టే తిరిగాడు.

సేటు బొంబాయి నుంచి రేసులకు వాడే గట్టి క్లచ్ తెప్పించాడు. క్లచ్ ఏం చేస్తుందని అడిగితే దాని ధర చెప్పాడు. ఇంజన్ వెనక ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతుంది. క్లచ్ ప్లేటు దాన్ని గట్టిగా అదుముకుంటేనే బండి కదులుతుంది. సేటు ఆ చక్రాన్ని లేత్ మిషన్ రాజమల్లయ్య దగ్గర ముందే నున్నగా గీకించి తెచ్చి, "మొఖం గనవడుతది సూడు మిస్త్రీ!" అని అందులో చూసి మీసం దువ్వుకున్నాడు.

నేను మెరుపుకు మురిసే రకం కాదు. కొలవనిదే క్లచ్ బిగించను. వెర్నియర్ కొలబద్ద తీసి లోతు కొలిచాను. రాజమల్లయ్య మహానుభావుడు నడుమ భాగం గీకి, ప్లేటును అదిమే కవరు బిగించే అంచును అట్లాగే వదిలేశాడు. ప్లేటు ఆనే చోటు ఒక మిల్లీమీటరు ఎక్కువ లోతుకు పోయింది. నేను కొలుస్తుంటే టార్చిలైటు పట్టింది యోబే.

"సేటూ, అంచు గూడ గంతే గీకాలె. లేకుంటే ప్లేటు సరిగ అదమది, జోరు మీద జారుతది. ఒక్క పూట పని," అన్నాను.

"పదకొండుంబావుకు ముహూర్తం వెట్టిచ్చిన. మిల్లీమీటరంట మిల్లీమీటరు! బిగియ్యి," అంటూ సంచిలోంచి శాలువా తీశాడు.

పని కాకముందే సన్మానం! మా ఊరికి ఇదొక రోగం. ఫోటోగ్రాఫరు సిద్ధం, చప్పట్లకు నలుగురు దుకాణదారులు సిద్ధం. "సిద్దిపేటల గిసొంటి మెకానిక్ ఇంకోడు లేడు" అన్నాడు సేటు. నేను మెడ వంచి శాలువా కప్పించుకున్నాను. సరిగ్గా ముహూర్తానికి క్లచ్ బిగించాను. బజారులో మెల్లగా తిప్పితే కారు బాగానే నడిచింది.

ఆదివారం పోటీలో జెండా ఊపారు. మిగతా కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. మాది గొంతు చించుకుని అరిచి, వంద గజాలు పాకి, కమురు వాసన కొడుతూ ఆగిపోయింది.

సేటు ఉరికొచ్చి యోబు కాలర్ పట్టుకున్నాడు. "క్లచ్ మీద కాలు వెట్టి కాలవెట్టిండు! ట్రాక్టరు తోలెటోనికి కారిస్తే గిట్లనే ఉంటది. నౌకరి లేదు, ఏం లేదు, నడువ్!"

యోబు నా దిక్కు తిరిగాడు. "భూపతన్నా, నువ్వు కొలిచినవు గద. నేనే లైటు వట్టిన. జెర చెప్పే."

అందరూ నన్నే చూస్తున్నారు. ఇప్పటిదాకా సేటును తిట్టాను కదా, ఆయనే నయం. నేను చెప్పినా ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

"క్లచ్ మీద కాలు పెట్టద్దని ముందే చెప్పిన గద తమ్మీ," అన్నాను.