రెండు రోజులకు మించి

గువ్వ నోట్లో పెట్టిన ముద్ద గొంతు దిగేదాకా నేను ఊపిరి బిగపట్టుకునే ఉంటాను. నా కూతురు, ఆరేళ్ల పిల్ల. మాటలు వచ్చినట్టే వచ్చి పోయాయి, ఇప్పుడు మింగడం కూడా మర్చిపోతోంది, ఫిట్స్ ఎప్పుడొస్తాయో తెలీదు. ఒక్క పూట తిండికి గంట పైనే పడుతుంది. మా ఆయన తోమని గిన్నెలు చూసి, పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉన్నావుగా, ఏం చేస్తున్నట్టు అంటారు. అత్తగారిది ఇంకో పాట. మా వంశంలో ఇలాంటిది ఎవరికీ లేదమ్మా, కన్నదానివి, నీకు తప్పుతుందా అంటారు. ఈ జన్యులోపం పిల్లలో కొత్తగా పుట్టిందనీ, ఎవరి వైపు నుంచీ రాలేదనీ డాక్టర్ ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

లక్షల్లో ఏ ఒక్కరికో వచ్చే జబ్బు. మందు లేదు. అందుకే నిరుడు గువ్వ చేతి మీంచి గింజంత చర్మం తీసుకుని, ఆ కణాలతో ల్యాబులో మెదడు కణజాలం పెంచారు. బఠాణీ అంత ఉంటుంది. దాని మీద పనిచేసిన మందే పిల్లకి ఇచ్చి చూద్దామన్నారు. నా ప్రాణమంతా ఆ బఠాణీ మీదే పెట్టుకున్నాను. ఫలితం చెబుతాం రమ్మంటే, మా ఆయనకి మీటింగు. నేనే పిల్లని చంకనేసుకుని వెళ్లాను.

ల్యాబులో పెద్ద మేడమ్ ఆ బఠాణీని తెర మీద చూపించింది. గువ్వకి ఫిట్స్ వచ్చినట్టే అందులో మెరుపులు గుప్పుమంటున్నాయి. మందు వేశాక కూడా అంతే. ఇది కూడా పనిచెయ్యలేదనీ, ఇంకొకటి దొరకడానికి ఏళ్లు పట్టొచ్చనీ మెల్లగా చెప్పింది. అప్పటికి పిల్ల ఉంటుందా అని అడిగే ధైర్యం లేక, ఈ బఠాణీని రోజూ ఎవరు చూసుకుంటారని అడిగాను.

నలుగురం వంతులేసుకుంటాం అంది టెక్నీషియన్ అమ్మాయి. పోషకద్రవం మార్చాలి, కనిపెట్టుకుని ఉండాలి, ఆదివారమైనా తప్పదు. గువ్వది మొదలెట్టకముందు ఒకసారి, సెలవుల్లో ఒకమ్మాయే వారమంతా చూసి, నిద్రమత్తులో ఒక ద్రవానికి బదులు ఇంకొకటి పోసేసిందట. అప్పుడు పెంచుతున్నవన్నీ చచ్చిపోయాయట.

"తననెవరూ ఏమీ అనలేదండీ. అలిసిపోయిన చేతులు కదా. అప్పట్నుంచీ ఎవరూ వరసగా రెండు రోజులకి మించి ఒంటరిగా చూడకూడదని రూలు పెట్టారు."

బఠాణీ గింజకి నలుగురు. దానికి ఆకలి లేదు, ఏడుపు లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాన్ని చూసి కుళ్లుకున్నాను. ఆరేళ్లలో నా వంతు ఒక్క రోజుకైనా అయిపోలేదు.

సాయంత్రం సంగతి విని మా ఆయన, పనికిరానిదానికి అంత దూరం తిరగడమెందుకు, ఇంటిపట్టున ఉండి పిల్లని చూసుకో అన్నారు. తల్లి కంటే ఎవరు బాగా చూస్తారని అత్తగారు అందుకున్నారు. మామూలుగా అయితే వంటింట్లోకి పోయేదాన్ని. ఈసారి గువ్వని తీసుకెళ్లి ఆయన ఒళ్లో కూర్చోబెట్టాను.

"రేపట్నుంచీ మీ ఇద్దరూ వంతులు తీసుకోండి. దీన్ని నా ఒక్కదాని చేతిలో వదలకండి," అన్నాను. "మొన్న పొలమారి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, వీపు తట్టబోయి కావాలనే ఆగాను."