ఐలేశ్ డప్పుకు కట్ లేదు

ఆఖరి రోజు షూటింగుకు శ్రీశైలం చేతిలో ఉన్నవి అద్దె కెమెరా, సాయంత్రం దాకా గడువు, బుట్టెడు నిమ్మకాయలు, ఇంకా తీయని ఒక్క సీను. లింగాల ఘనపూర్‌లోని మిర్చి కొట్టు అమ్మి దయ్యం సినిమాకు దిగాడు. దయ్యాన్ని వదిలించే ఆ సీను కుదరకపోతే కొట్టూ లేదు, సినిమా లేదు.

దయ్యం పట్టిన పిల్లగా వేస్తున్న టేకుమట్ల అమ్మాయి శృతి పొద్దుటి నుంచి జుట్టు విరబోసుకుని ఊగుతూనే ఉంది.

"ఊగుతున్నవా బిడ్డా, బస్సుల నిలబడ్డవా?" అంది షూటింగు చూడవచ్చిన ముసలి కట్టమ్మ. డైరెక్టరు రాకేశ్ తల పట్టుకున్నాడు.

మిర్చి పట్టుకోగానే అందులో పనికిరాని తాలుకాయ కనిపెట్టే మనిషి శ్రీశైలం. లోపం పిల్లది కాదు, స్పీకరులో మోగే రికార్డు డప్పుది అని తేల్చాడు. నేరుగా డప్పు కొట్టే ఐలేశ్ ఇంటికి వెళ్లి, సీనుకు వచ్చి కొట్టమని అడిగాడు.

"కొడుత శ్రీశైలమన్నా. గని ఎల్లమ్మను పిలిచే దరువు ఎత్తినంక, తల్లిని సాగనంపేదాక ఆపరాదు. మీ డైరెక్టరు సారుకు జర చెప్పు" అన్నాడు ఐలేశ్.

ఆ మాట రాకేశ్‌కు చెబితే బేరం చెడుతుందని శ్రీశైలం చెప్పలేదు.

దరువు మొదలైంది. మూడో నిమిషంలో రాకేశ్ "కట్" అన్నాడు. ఐలేశ్ వినిపించుకోలేదు. జనంలోంచి కట్టమ్మ పూనకంతో కళ్లు మూసుకుని ఊగుతూ వచ్చి శృతి జుట్టు పట్టుకుంది.

"ఎవలే నువ్వు? నా బిడ్డను ఇడిసిపో."

శృతికి రాసిచ్చిన డైలాగులు ఎగిరిపోయాయి. "పోత అవ్వా, పోత. కొట్టకు" అని ఏడ్చింది.

కెమెరా దించబోయిన కుర్రాడి భుజం మీద శ్రీశైలం చెయ్యి వేశాడు. "నడవనియ్యి."

సాగనంపే దరువుతో డప్పు ఆగేసరికి పదకొండు నిమిషాలు. కట్టమ్మ చెంబెడు నీళ్లు తాగి, "ఏమన్నన్నే నేను?" అని అడిగింది.

"సినిమాను నిలబెట్టినవ్ అవ్వా" అన్నాడు శ్రీశైలం.

మహబూబాబాద్ సినిమా హాలు యజమాని ఆ సీను నాలుగు నిమిషాలకు కోయమన్నాడు.

"తూకంల కోత పెట్టుడు నాతోని గాదన్నా. పదకొండంటే పదకొండే" అన్నాడు శ్రీశైలం.

సినిమా జనగామలో తొమ్మిది రోజులు, మహబూబాబాద్‌లో ఆరు, భూపాలపల్లిలో నాలుగు రోజులు ఆడింది. అమ్మిన కొట్టు తిరిగి రాలేదు, మళ్లీ మిర్చి అమ్ముకోవడానికి అద్దెకు చిన్న గది మాత్రం దొరికింది. దయ్యం మన ఊరి మాట మాట్లాడింది, దాన్ని వెళ్లగొట్టిన తల్లీ మన మాటే మాట్లాడింది, తెర మీద డైరెక్టరు పేరు కంటే ముందు ఐలేశ్ పేరు పడింది. ఖర్చులన్నీ తీసేశాక శ్రీశైలం లాభం కింద రాసుకున్నది ఇదే.