శనివారం ఫారం

మధ్యాహ్నం ఒంటిగంటకు భవిత కాలేజీ బస్సు దిగి పరుగున వచ్చేసరికి, నీమా సామాను హైదరాబాదు శివారు కండ్లకోయ సందులో, ఆమె అద్దెకుంటున్న మేడ మెట్ల కింద పడి ఉంది. కుక్కర్, బియ్యం సంచి, పుస్తకాల పెట్టె. టాంజానియా నుంచి ఎంటెక్ చదవడానికి వచ్చిన నీమా, మర్నాటి ప్రాజెక్టు రివ్యూ కాగితాలను మండుటెండలో ఏరుకుంటోంది.

గది పోతే చిరునామా పోతుంది. చిరునామా లేకపోతే వీసా పొడిగింపు కాగితం కదలదు. అక్కడితో ఆమె చదువు ఆగిపోయినట్టే.

ఇంటి ఓనరు మల్లేశం మొన్నటిదాకా రైతు. పొలం ప్లాట్లయ్యాక ఐదంతస్తుల మేడకు ఆసామి అయ్యాడు. ఊరి పిల్లలకు ఆరు వేలకిచ్చే గదిని నీమాకు తొమ్మిది వేలకిచ్చాడు. రంగు చూసి అద్దె పెంచినవాడికి రంగు చూసి వెళ్లగొట్టడం ఎంత పని?

ఎందుకిలా చేశావని భవిత అడిగితే, ఆయన జేబులోంచి కాలేజీవాళ్లిచ్చిన జిరాక్స్ కాగితం ఒకటి తీశాడు.

"నన్నేంది బిడ్డా అడుగుతవు? గిది నీ రాతే గదా. ఆదివారం నలుగురు వచ్చిండ్రు, రాత్రి పది దాక ఉన్నరని రాసినవ్. గిట్లయితే కాలనీల ఊకుంటరా?"

రాత భవితదే. విదేశీ విద్యార్థులకు తోటి విద్యార్థులనే మెంటర్లుగా పెట్టింది కాలేజీ. నీమాకు భవిత. ల్యాబు చూపించాలి, చదువులో సాయం చేయాలి, శనివారం శనివారం ఆమె గురించి కాలేజీకి ఫారం నింపాలి. నెలకు రెండున్నర వేలు. జీడిమెట్లలో మాత్రల ప్యాకింగ్ చేసే తల్లికి బస్సు ఫీజు బరువు తప్పుతుందని ఒప్పుకుంది. గదికి ఎవరెవరు వచ్చారన్న గడి కూడా ఆ ఫారంలో ఉంది. పరీక్షలో ఏ ప్రశ్నా వదలని పిల్ల, దాన్నీ వదల్లేదు. వచ్చినవాళ్లు క్లాసువాళ్లే. అన్నం వండుకుని, ప్రాజెక్టు లెక్కలు సరిచూసుకుని వెళ్లారు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

నీమా కాగితం చదివి, నువ్వే రాశావా అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. భవిత తలదించుకుని అవునంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అంతలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే సుధాకర్ సారు స్కూటర్ మీద వచ్చాడు. గొడవ పెంచొద్దన్నాడు. నీమా తన ఇష్టంతోనే గది ఖాళీ చేసిందని రాసి తెచ్చానని, మెంటరుగా భవిత కింద ఒక్క సంతకం పెడితే కాలేజీ పరువు దక్కుతుందని నచ్చజెప్పాడు. పెట్టకపోతే నెలనెలా వచ్చే డబ్బు మరిచిపొమ్మన్నాడు. పెన్ను కూడా ఆయనే తెచ్చాడు.

"పెట్ట సార్. అడిగినయన్నీ రాసుకుంట వచ్చిన, గదే నేను జేసిన తప్పు. ఆ పైసలు మీ కాడ్నే ఉంచుకోండ్రి. ఇగ ఒక్క ఫారం గూడ నింప."

నీమాకు ఆ మాటలన్నీ అర్థం కాలేదు. సంతకం పడలేదని మాత్రం అర్థమైంది. కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న తెలుగులో, "నేను పోను" అంది.

భవిత బియ్యం సంచి భుజానికెత్తుకుంది. మల్లేశం మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు పెదనాయినా. ఆదివారం వచ్చిన ఆ నలుగుర్ల ఒకదాన్ని నేనే. ఎల్లగొడితే నన్ను గూడ ఎల్లగొట్టు."

ఆయన జరగలేదు. ఆమె మొదటి మెట్టు ఎక్కింది.