తూటు ఎవరిది?

మా బోర్‌గూడలో గొడుగు పార్టీ, కప్పుసాసర్ పార్టీ అని రెండున్నాయి. పంచాయతీ ఎన్నికల్లో దొరికిన గుర్తులే వాటి పేర్లు. సిద్ధాంతాలు అడక్కండి, అవి ఇంకా దొరకలేదు. ఈ రెండు పార్టీలూ పుట్టి బుద్ధెరిగాక ఒక్క విషయంలోనే ఏకమయ్యాయి: తప్పు మా అత్త ఆగమ్మదే అన్న విషయంలో. ఆ కోపం నాకింకా దిగలేదు. మాట కాస్త కారంగా ఉంటే సర్దుకోండి.

నా పేరు ప్రేమలత. మహారాష్ట్రలో, చంద్రపూర్ నుంచి పద్మాపూర్ బొగ్గు గనులకు పోయే దారిలో ఉన్న మెస్ నాదే. గనిలో పని దొరికిందని మా మామ మంచిర్యాల వైపు నుంచి ఇక్కడికొచ్చాడు. ఆ గనిలోనే పోయాడు. అప్పుడు అత్త ఈ బొగ్గుపొయ్యి వెలిగించి, షిఫ్టు వాళ్లకు అన్నం డబ్బాలు కట్టడం మొదలుపెట్టింది. తర్వాత గరిటె నా చేతికొచ్చింది. మాకున్న ఆస్తల్లా ఆ పొయ్యి, పంచాయతీ నల్లా.

పోయిన ఎన్నికల్లో గొడుగు అనంతరావు మైకు పట్టుకుని "పాణీపట్టీ సగం కపాత్!" అని అరిచాడు. నల్లా పన్ను సగం కోసేస్తాడన్న మాట. అప్పటి సర్పంచ్ కప్పుసాసర్ మారుతి. పొద్దున మీటింగులో "సగం కోస్తే పంచాయతీ మునుగుతది" అన్నాడు. సాయంత్రం మీటింగులో "నన్ను గెలిపిస్తే ముప్పావు కోస్త" అన్నాడు. జనం సగాన్నే నమ్మారు. అనంతరావు గెలిచి, మాట నిలబెట్టుకుని, పటాకులు కాల్చాడు. పటాకుల ఖర్చు పంచాయతీదే.

పన్ను సగమైతే ఎవరికి చేదు? ఊరంతా చప్పట్లు కొట్టింది. కొన్నాళ్లకు నీళ్ల టాకీ నింపే మోటారు కరెంటు బిల్లు కట్టడానికి పంచాయతీలో పైసల్లేవన్నారు. కరెంటు వాళ్లొచ్చి వైరు కోసి పోయారు. పన్ను సగమే పోయింది, నీళ్లు మాత్రం పూర్తిగా పోయాయి.

రోజూ ఆటోలో డ్రమ్ములు తెప్పించి వండుతుంటే, డబ్బాల మీద మిగిలేదంతా ఆ నీళ్లకే సరిపోయేది. దసరా లోపల నల్లా రాకపోతే మెస్ మూసేయడమేనని అత్తతో చెప్పేశాను. ఆమె పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ కూర్చుంది.

అప్పుడు గ్రామసభ పెట్టారు. పంచాయతీ లెక్కలు రాసే గ్రామసేవక్ లేచి మరాఠీలో లెక్క చదివాడు.

"పాణీపురవఠ్యాత్ మోఠీ తూట్ ఆహే."

నీటి సరఫరా ఖాతాలో పెద్ద లోటుందని ఆయన భావం. మరాఠీలో తూట్ అంటే లోటు. మా అత్త ఈ గడ్డ మీద ముసలిదైంది గానీ, మరాఠీని కూడా తెలుగు చెవులతోనే వింటుంది. తెలుగులో తూటంటే బొక్క కదా! ముందు వరసలోంచి గబుక్కున లేచింది.

"తూటువడ్డదా? ఓయమ్మో! టాకీకి తూటువడితే నీళ్లెట్ల నిలుస్తయి? ఏడ వడ్డది, కిందనా, మీదనా?"

అనంతరావు వెంటనే భుజాలు తడుముకున్నాడు.

"తూట్ నిజమే అవ్వా. గానీ నేను జేసింది గాదు. మారుతి జేసి పోయిండు."

"ఝూట్!" మారుతి కుర్చీ తన్నుకుని లేచాడు. "నేను కుర్సీ దిగిననాడు తూట్ రవ్వంత లేకుండె. గిదంత నీ కపాత్‌తోనే అయింది."

"ఎవలు జేస్తేందిరా అయ్యా," అంది అత్త, "ఇంత ఎంసీల్ వెట్టి మూసెయ్యుర్రి!"

సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనిది ఇద్దరే, అనంతరావు, మారుతి. ఇద్దరి కళ్లూ మెరిశాయి. ఖాతాలో లోటంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. పన్ను కోసి తప్పు చేశామని ఒకరు ఒప్పుకోవాలి, పాత లెక్కలు ఇంకొకరు బయటపెట్టాలి. టాకీకి బొక్కంటే ఆ బాధ లేదు. మరమ్మతుకు పైనుంచి నిధులొస్తాయి, తిట్టుకోవడానికి బోలెడు మాటలు దొరుకుతాయి. ముసలామె తప్పుగా విన్న మాట మర్నాటికి పంచాయతీ తీర్మానమైపోయింది. నీళ్లు రాకపోవడానికి కారణం టాకీకి పడిన తూటు!

ఆ తర్వాత చూడాలి ఊళ్లో చర్చ. మా మెస్ బల్లల మీదే రెండు పార్టీలూ గుద్దుకున్నాయి. తూటు కప్పుసాసర్ కాలంలో గుండ్రంగా ఉండేదని గొడుగు వాళ్లు, గొడుగు కాలంలోనే వెడల్పయిందని కప్పుసాసర్ వాళ్లు. ఒక్కడంటే ఒక్కడు టాకీ ఎక్కి చూసి రాలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నేను గొణుక్కుంటూ అన్నం వడ్డించాను. కరెంటు బిల్లు సంగతేమిటని అడిగితే, "నువ్వు ఏ పార్టీ?" అని నన్నే అడిగారు.

మరమ్మతు పని అనంతరావు బామ్మర్ది నవనీత్‌కు దక్కింది. అతను పాపం టాకీ ఎక్కి చుట్టూ వెతికాడు. బొక్క లేదు. బొక్క ఫోటో, పూడ్చిన ఫోటో రెండూ పెడితేనే బిల్లు పాసవుతుంది. కాసేపటికి పైనుంచి డ్రిల్లు మోత వినపడింది. అత్త కింద నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏం బిడ్డా, తూటు దొరికిందా?"

"దొరకలే అవ్వా," అన్నాడు నవనీత్ నిజాయితీగా, "చేస్తున్న."

ఫోటో తీశాడు, సిమెంటు మెత్తాడు, మళ్లీ ఫోటో తీశాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఒక్క చుక్క కూడా కారడం లేదని మెచ్చుకుని సంతకం పెట్టాడు. టాకీలో చుక్క ఉంటే కదా కారడానికి!

ప్రారంభోత్సవానికి మాత్రం నీళ్లు కావాలి. జనరేటరు అద్దెకు తెచ్చి టాకీ నింపారు. నేను ఉన్న డ్రమ్ములన్నీ కడిగి నల్లా కింద వరసగా పెట్టాను. దేవుడా, ఒక్క గంట వదిలితే చాలు, ఈ వారం గడిచిపోతుందనుకున్నాను. అనంతరావు రిబ్బను కత్తిరించాడు. జనం చప్పట్లు కొట్టారు. పైన టాకీ అడుగున మెత్తిన సిమెంటు ఊడి పడింది. నీళ్లన్నీ ఆయన గంజి బట్టల మీదుగా వేదిక దిగి, మురిక్కాలువలో కలిశాయి. నా డ్రమ్ముల్లోకి రాలేదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

ఇప్పుడు తూటు నిజంగానే ఉంది కాబట్టి విచారణ కమిటీ వేయక తప్పలేదు. గొడుగు వాళ్లు సగం, కప్పుసాసర్ వాళ్లు సగం. వాళ్ల నివేదిక గ్రామసభలో చదివారు. తూటు మాట మొదట ఎత్తింది ఆగమ్మ, ఆ మాట ఎత్తకపోతే మరమ్మతు లేదు, మరమ్మతు లేకపోతే తూటు లేదు, కాబట్టి దీనికి బాధ్యురాలు ఆగమ్మ. బోర్‌గూడ చరిత్రలో మొదటిసారి రెండు పార్టీల చేతులూ ఒకేసారి లేచాయి.

ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించారు. అత్త నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది.

"నా పేరుకాడ ఏమని రాసిర్రు పిల్లా?"

"జబాబ్‌దార్ అని రాసిర్రత్తా."

ఆ అక్షరాల మీద వేలు ఆనించింది.

"మీ మామ గనిల పోయిననాడు జబాబ్‌దార్ ఎవలని ఆఫీసుల పొంటి తిరిగిన. ఎవ్వలు లేరు పోవమ్మా అన్నరు. గిన్నేండ్లకు నేను దొరికిన్నా?"

ఇంటికొచ్చి మెస్ ముందు పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను: ఇవాళ మటన్ భోజనం సగం ధరకే.

చౌక అంటే మా నాయకులు ఆగుతారా? అనంతరావు, మారుతి ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చున్నారు. షిఫ్టు దిగిన వాళ్లతో మెస్ నిండిపోయింది.

"భలే కపాత్ జేసినవ్ చెల్లే!" అన్నాడు అనంతరావు.

"నేనైతే ముప్పావు జేద్దును," అన్నాడు మారుతి.

భివాపూర్ మిరపకారం నా దగ్గరెంత ఉందో అంతా ఆ ఇద్దరి గిన్నెల్లోకే పోయింది. ఆబగా నాలుగు ముద్దలు మింగారు. అయిదో ముద్దకు మొహాలు ఎర్రబడ్డాయి, ముక్కులు కారాయి.

"నీళ్లు! చెల్లే, నీళ్లు!"

"రేటు సగం కోసిన గదన్నా," అన్నాను. "నీళ్లకాడ తూట్ వడ్డది."

బల్లలన్నీ గొల్లుమన్నాయి. అప్పుడు అత్త లోపల్నుంచి చెంబు పట్టుకొచ్చింది. ఇంట్లో మిగిలిన నీళ్లు అవే. ఇద్దరూ చేతులు చాపారు. ఆమె చెంబు వెనక్కి తీసుకుంది.

"తూటు నాదేనని ఎవలంటే ఆల్లకే ఈ చెంబు."

నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు ఆశ కలిగింది. ఒక్కడు ఒప్పుకున్నా చాలు, బిల్లు కట్టమని రేపు వాడి ఇంటి ముందు కూర్చోవచ్చు. అనంతరావు ముక్కు చీదాడు. మారుతి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఇద్దరి చేతులూ మెల్లగా లేచాయి. ఆయన వేలు ఈయన మీదికి, ఈయన వేలు ఆయన మీదికి.

అత్త చెంబు నా చేతిలో పెట్టింది. మామ పోయిన ఏడు ఆమె వెలిగించిన పొయ్యి మీద ఆ నీళ్లు గుమ్మరించాను. బొగ్గులు చుయ్యిమని ఏడ్చాయి.

"రేపటి నుంచి డబ్బాల్లేవు అన్నా, ఏమనుకోకుర్రి," అని షిఫ్టు వాళ్లకు చెప్పాను.

ఆవిరి మెస్ అంతా కమ్మేసింది. దాంట్లో ఎవరి మొహాలూ కనబడలేదు గానీ, ఆ రెండు వేళ్లు మాత్రం ఇంకా దిగలేదు.