పిల్లప్ప ఒంటి వేడి

పొద్దున్నే కొళాయి దగ్గర నీళ్లు పట్టుకొచ్చి కూలరు తొట్టిలో పొయ్యడంతో నరసమ్మ దినం మొదలయ్యేది. మొగుడు ఈశ్వరప్ప అప్పటికే బెంగళూరు రైలెక్కేసి ఉంటాడు, అక్కడొక అపార్టుమెంటుకు వాచ్‌మన్. తొట్టి నింపి, పంపుకు పట్టిన పాచి గీకి, గడ్డి మీద పేరుకున్న ఉప్పు దులిపి స్విచ్చి వేసేది. కాసేపటికి మళ్లీ నీళ్లు. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కూలీల లైన్లలో కూలరున్న ఇల్లు అదొక్కటే. కూలరు లేకపోతే బతకలేని ఇల్లూ అదొక్కటే.

మామ పిల్లప్ప ఒంట్లో గని వేడి ఉంది. అట్టడుగు లెవెల్లో తలుపుల కాపలా కాసినాయన, గని మూసేసిన దినం అందరితో పాటు పైకొచ్చినాడు. అక్కడి వేడీ ఆయనతో వచ్చేసింది. లైనులో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. చలికాలంలో దోసెపిండి పులవకపోతే గిన్నె తెచ్చి ఆయన మంచం కింద పెట్టిపోయేవాళ్లు. ఎదురింటి చిన్నక్క ముసురు పడితే వడియాలు ఆయన పక్కనే ఎండబెట్టుకునేది. ఎండాకాలంలో మాత్రం ఒక్కరూ గడప తొక్కరు. అప్పుడాయన నరసమ్మ ఒక్కదాని సొత్తు. కూలరు ఆగితే ఆయనకు ఊపిరాడదు.

టేకల్ నుంచి కోడలిగా వచ్చినాక ఆమె పుట్టింట్లో ఒక్క రాత్రి పడుకున్నది లేదు. ఇప్పుడు చిన్నక్క తను పోయే బెంగళూరు గార్మెంట్స్‌లో మాట్లాడి ఒక కుట్టు మిషను పని ఇప్పించింది. సోమవారం పొద్దుటి రైలుకు రావాల, రాకపోతే ఇంకొకర్ని కూర్చోబెట్టేస్తారంట. ఈశ్వరప్ప కాదనలేదు. నాయన్ను ఎవురు చూస్తారో నువ్వే చెప్పు అన్నాడంతే. కాదనకుండా కట్టేసే విద్య మంచి మొగుళ్లకే బాగా వస్తుంది.

ఆదివారం కూలరు మోటారు కాలిపోయింది. రిపేరీ బచ్చప్ప విప్పి, వాసన చూసి, వైండింగు పోయిందన్నాడు. కొత్తది సోమవారం తెస్తానన్నాడు. పోతూ పోతూ గది చూసి విసుక్కున్నాడు. కూలరు తోసే గాలికి బయటికి పోయే దారుండాల, ఇట్ల మూసిపెడితే ఇల్లు ఇడ్లీపాత్రే, వెనక తలుపు తెరిచిపెట్టండమ్మా అన్నాడు.

ఆ తలుపు గొడవ పాతది. గనిలో గాలి పోయే దారికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులుంటాయి. ఒకటి మూసినాకే రెండోది తెరవాల. రెండూ తెరిస్తే గాలి అడ్డదారిన పోతుంది, లోపల దూరంగా పనిచేసేవాళ్లకు అందదు. పిల్లప్ప ఆ చట్టాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ముందు తలుపు తీసి ఉంటే వెనకది మూసుండాల్సిందే. ఇన్నేండ్లూ నరసమ్మ బిందె చంకనేసుకుని ఒక తలుపు మూసి ఇంకొకటి తీసింది.

మధ్యాహ్నానికి గోడ సున్నం పెచ్చులు లేచింది. పిల్లప్ప రొప్పుతున్నాడు. తడిగుడ్డ కప్పితే ఆవిరి లేస్తోంది. నరసమ్మ ముందు తలుపు బార్లా తెరిచింది. వెనక్కి పోయి రెండో తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"వద్దమ్మా" అన్నాడాయన. "లోపలోళ్లకి గాలి అందదు."

"లోపల ఎవురుండారు మామా?"

గనిలో బండ కూలినప్పుడు పైకి రానివాళ్ల పేర్లు చెప్పినాడు. సొన్నప్ప. మునిశామప్ప. ఆ పైన ఊపిరి చాల్లేదు.

"వాళ్లు లేరు మామా. లోపలుండేది నేను. నాకే గాలి అందడం లేదు."

గడియ మీంచి చెయ్యి తీసేసింది. అది తెరవాల్సింది ఆయనే.

పిల్లప్ప ఆమె మొహం చూసినాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, వచ్చి, గడియ తీసినాడు.

వేడి బయలుదేరింది. వంటగది దాటి, దొడ్డి దాటి, సందులో తాడు మీది తడిచీరల్ని పెళపెళ ఎండించి, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వైపు వెళ్లిపోయింది. చిన్నక్క గబగబా మిరపకాయల చాట తెచ్చి దాని దారిలో పెట్టింది.

"చలేస్తాండాది" అన్నాడు పిల్లప్ప, మంచం మీద ముడుచుకుని. నరసమ్మ దుప్పటి కప్పింది.

రాత్రి ఇంటికొచ్చిన ఈశ్వరప్ప తండ్రి చెయ్యి తాకి చూసి సంతోషపడినాడు. కాసేపాగి ఆలోచనలో పడినాడు. ముసలాయనకు కుంపటి పెట్టాల కదా, మరి బొగ్గులెవురు వేస్తారు అన్నాడు. కూలరు పోయి కుంపటి వచ్చింది.

సోమవారం తెల్లారేసరికి ఆమె చీర మార్చుకుని, మొగుడి క్యారియరూ తన క్యారియరూ పట్టుకుని, ఎటూ తేలక గడప లోపల నిలబడి ఉంది. ఈశ్వరప్ప బయట ఎదురుచూస్తున్నాడు. పిల్లప్ప దుప్పటి కప్పుకుని వచ్చినాడు.

"చెప్పులేసుకోమ్మా."

చెప్పులు బయటున్నాయి. ఆమె గడప దాటి వంగింది. అంతలో ముందు తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది.

"నాయనా, కుంపటో?" అన్నాడు ఈశ్వరప్ప, తలుపు తడుతూ.

"నా చలి నేను కాచుకుంటా. పోండి."

ఈశ్వరప్ప మళ్లీ తట్టడానికి చెయ్యెత్తినాడు. నరసమ్మ అప్పటికే స్టేషను దారిలో ఉంది, వెనక్కి తిరగలేదు. అతని కూడు ఆమె చేతిలో ఉంది మరి. వెంట నడిచినాడు.